ఆరు మిల్లీగ్రాముల ప్లాటినం

సోమవారం పొద్దున పూతక్క ల్యాబు తలుపు తోసేసరికి లోపల బుడగలమ్మాయి గెంతుతోంది. మాటవరసకు అనడం కాదు, నిజంగానే గెంతుతోంది. ముప్ఫై ఏళ్ళ మనిషి, పేరు ముందు డాక్టర్ అని రాసుకునే మనిషి, తెల్లకోటు ఎగిరెగిరి పడుతుంటే కంప్యూటరు ముందు ఒంటికాలి మీద గెంతుతోంది. రెండో కాలి చెప్పు బల్ల కిందికి పోయింది.

"అక్కా, ఇంకా దిగింది!"

"మళ్ళీనా?"

"మళ్ళీ! పన్నెండు రోజులక్కా! ఎవరి గీతైనా రోజులు గడిచేకొద్దీ పైకి పోతుంది. మనది కిందికి దిగుతోంది. రండి, మీరే చూడండి."

పూతక్క భుజాన ఉన్న సంచీ దించకుండానే వెళ్ళి చూసింది. తెరమీద నీలం గీత ఎడమవైపు ఎత్తున మొదలై, తొందరేమీ లేనట్టు కుడివైపుకి దిగుతూ వస్తోంది. ఆ గీత సంగతేమిటో ఈ రెండేళ్ళలో ఆవిడకి బాగానే ఒంటబట్టింది. గాజుతొట్టిలో క్షారపు నీళ్ళు, వాటిలో ఎదురెదురుగా రెండు లోహపు ముక్కలు. కరెంటు పంపిస్తే ఒకదాని మీద హైడ్రోజన్ బుడగలు, రెండోదాని మీద ఆక్సిజన్ బుడగలు. నీటిని విడగొట్టడానికి ఎంత వోల్టేజి పడుతోందో గీత చెబుతుంది. ఎంత తక్కువ పడితే హైడ్రోజన్ అంత చవక. హైడ్రోజన్ వైపు ప్లాటినం పెడితే చాలా తక్కువ పడుతుంది గానీ, దాని ఖరీదు వింటేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని నికెల్ జాలీ మీద చవక లోహాల పూత పూసి, దాని చేత ప్లాటినం చేసే పని చేయించాలని బుడగలమ్మాయి పంతం. పదహారు జాలీలు నాలుగు రోజులు తిరక్కుండానే నీరసపడ్డాయి. ఇది పదిహేడోది.

ఆ పదిహేడూ పూసిన చెయ్యి పూతక్కది. కుళాయిలకి నికెల్ పూతపెట్టే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు తొట్ల పక్కన నిలబడ్డ మనిషిని కాంట్రాక్టు మీద ఇక్కడికి తెచ్చుకున్నారు. జాలీ యాసిడ్‌లో ఎంతసేపు మునగాలో గడియారం చూడకుండా చెబుతుంది. అసలు పేరు జీతాల కాగితంలో ఎక్కడో ఉంది, అందరికీ ఆవిడ పూతక్కే.

"శుక్రవారం డబ్బులిచ్చే ఆ పెద్దలొచ్చి ఈ గీత చూశారంటే ఇంక చూసుకోండి, మనకి పెద్ద హాలు, పెద్ద యంత్రం!" అంది బుడగలమ్మాయి, చెప్పు కోసం బల్ల కిందికి దూరుతూ.

చూసి పెదవి విరిచారంటే మాత్రం ఈ నెలతో పని మూత. గది బ్యాటరీలవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ మాట ఇద్దరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ కనిపించలేదు, గీత అంత ముచ్చటగా దిగుతోంది మరి.

పదకొండింటికి తాళాలాయన వచ్చాడు. స్టోరు ఆయన చేతిలో ఉంటుంది, నడుముకి తాళాల గుత్తి ఉంటుంది, ఆయన రాకముందే ఆ చప్పుడు వస్తుంది. నెలాఖరు కాబట్టి ప్లాటినం తూకం చూడాలన్నాడు. తొట్టిలో జాలీకి ఎదురుగా, ఆక్సిజన్ వైపు వేలాడే ముక్క ప్లాటినం రేకు. అది కరగదు, చెడదు, పరీక్షలకి నమ్మకమైన తోడు అని పుస్తకాలన్నీ చెబుతాయి. స్టోరు నుంచి వచ్చిన రోజు దాని బరువు రిజిస్టరులో రాసి, ఎవరు వాడుతున్నారో వాళ్ళ చేత సంతకం పెట్టించుకుంటారు.

"ఇప్పుడు ఆపాలా? శుక్రవారం దాకా ఆగకూడదా?" బుడగలమ్మాయి ప్రాణం విలవిల్లాడింది.

"శుక్రవారం మీ పెద్దలొస్తారు. నా రిజిస్టరు కూడా చూస్తారు. అయిదు నిమిషాలమ్మా, నీళ్ళేమీ ఇంకిపోవు."

పూతక్క కరెంటు కట్టేసి, తొట్టి మూత రెండు చేతులతో పైకెత్తింది. మూతకి వేలాడుతూ రేకూ జాలీ రెండూ పైకొచ్చాయి. పన్నెండు రోజుల తర్వాత పదిహేడో జాలీని బయట చూడటం అదే మొదలు. నీళ్ళు కారుతుంటే ఆవిడ చూపు దాని మీదే ఆగింది. అంచులు నల్లగా ఉన్నాయి. రేకు వైపు ముఖం నల్లగా ఉంది. వెనక వైపు మాత్రం తను పూసినప్పటి బూడిద రంగులోనే ఉంది. వింతగా ఉందే అనుకుంది. అంతలో తాళాలాయన తొందరపెట్టాడు.

రేకుని కడిగి, ఆరబెట్టి, గాజుపెట్టెలోని సన్నతూకం త్రాసు మీద పెట్టారు. అంకెలు కాసేపు తడబడి నిలబడ్డాయి. తాళాలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. మళ్ళీ తూచాడు. మూడోసారి కూడా తూచాడు.

"ఆరు మిల్లీగ్రాములు తక్కువ."

"త్రాసు తేడా ఏమో," అంది బుడగలమ్మాయి. ఆమె అప్పటికే రేకుని మళ్ళీ తగిలించి కరెంటు ఇచ్చి, గీత ఎక్కడ మొదలవుతుందా అని తెరకి ముక్కు ఆనించి చూస్తోంది.

"త్రాసు పోయిన వారమే సరిచూశాం. ఈ రేకు ముట్టుకునేది ఇద్దరే. మీరు చదువుకున్నవాళ్ళు." తాళాలాయన పూతక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, లోహాలు కరిగించడం, గీకడం నీకు కొత్త పని కాదు కదా?"

పూతక్కకి ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"నేను తీశానంటారా?"

"నేనేమీ అనడం లేదు. అడుగుతున్నాను. శుక్రవారం లోపల సంజాయిషీ రాసివ్వాలి. లేకపోతే ఆఫీసుకి కాగితం పంపడం నా ఉద్యోగం. కాంట్రాక్టువాళ్ళ విషయంలో వాళ్ళేం చేస్తారో నాకన్నా నీకే బాగా తెలుసు." ఆయన జేబులోంచి చీటీ తీసి ఏదో రాసుకున్నాడు.

పూతక్క బుడగలమ్మాయి వైపు చూసింది. ఒక్క మాట, "అక్క అలాంటిది కాదు" అన్న ఒక్క మాట చాలు. బుడగలమ్మాయి చేతులెత్తి చప్పట్లు కొట్టింది. "ఆపిన చోటునుంచే అందుకుందక్కా! చెక్కుచెదరలేదు!"

తాళాల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా పూతక్కకి బయట ఏమీ కనిపించలేదు. ఒళ్ళు మండుతోంది. పద్దెనిమిదేళ్ళు ఫ్యాక్టరీలో కేజీల కొద్దీ నికెల్ చేతుల మీదుగా పోయింది, గోరంత ముక్క ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. ఆరు మిల్లీగ్రాములట! కంట్లో పడ్డా తెలియదు. అయినా ఎక్కడికి పోతుంది? తను తీయలేదు, ఆ అమ్మాయి తీయలేదు. తొట్టిలోంచి రేకు కదల్లేదు. తొట్టిలో ఏముంది? నీళ్ళు, రేకు, జాలీ.

ఫ్యాక్టరీ తొట్టిలో ఏముండేది? నీళ్ళు, ఒకవైపు నికెల్ కడ్డీలు, ఇంకోవైపు కుళాయిలు. కడ్డీలు రోజురోజుకీ చిక్కిపోయేవి. కుళాయిల మీద పూత పెరిగేది. ముందు అంచుల మీద పెరిగేది. కడ్డీల వైపు తిరిగిన ముఖం మీద ఎక్కువ, వెనకవైపు తక్కువ. కొత్తగా చేరినవాళ్ళకి అది చెప్పీ చెప్పీ తన నోరు అరిగిపోయింది.

"ఓరి నాయనో!" అని పూతక్క తొడ మీద చరుచుకుంది. పక్క సీటాయన ఉలిక్కిపడి సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

రేకు కరిగింది. కరగనిది కరిగింది, చాలా కొంచెం, పన్నెండు రోజుల్లో ఆరు మిల్లీగ్రాములు. కరిగి ఇటొచ్చి జాలీ మీద కూర్చుంది. గీత ఎందుకు దిగుతోందో, రోజురోజుకీ ఎందుకు బాగుపడుతోందో అంతా ఒక్కసారి కళ్ళకి కట్టింది. పుస్తకాలు చదివినవాళ్ళకి దొరకనిది తనకి బస్సులో దొరికింది. ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకెళ్ళి, వెనక్కి నడుచుకుంటూ వస్తున్నా నవ్వు ఆగలేదు.

ఇంటి మెట్లెక్కుతుంటే ఆ నవ్వు ఆగిపోయింది. పదిహేడో జాలీ పని చేయడం లేదు, దాని మీద కూర్చున్న ప్లాటినం పని చేస్తోంది. బుడగలమ్మాయి గెంతింది దానికా?

ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. గుమ్మంలో ఒక మిషను విప్పుకుని కూర్చుని అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు, అదే ఆయనలో మంచి గుణం.

"చెబితే ఆ పిల్ల కొంప మునుగుతుంది. చెప్పకపోతే నీ కొంప మునుగుతుంది. అంతే కదా?" అన్నాడు నూనె చేతులు తుడుచుకుంటూ.

"అంతే."

"మరి ఇంత హుషారుగా ఉన్నావేం?"

"ఏమో, నాకే సిగ్గుగా ఉంది," అంది పూతక్క. "కనిపెట్టింది నేను కదా!"

మంగళవారం పొద్దున ఆవిడ ముందుగానే వెళ్ళి, బుడగలమ్మాయి రాగానే కూర్చోబెట్టి చెప్పింది. కుళాయిల సంగతి, కడ్డీల సంగతి, అంచుల సంగతి వరసగా చెప్పింది. బుడగలమ్మాయి మొదట నవ్వింది. తర్వాత నవ్వు సగంలో ఆగింది. లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి గాజులోంచి చూసింది. బుడగలు పొంగుతున్నాయి, ఏమీ కనిపించలేదు. కానీ ఆమె ముఖంలో రంగు పోయింది.

"క్షారంలో ప్లాటినం ఇంత కరగదక్కా."

"ఆరు మిల్లీగ్రాములే కదమ్మా, ఎంతని?"

ఆ అమ్మాయి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "అక్కా, శుక్రవారం దాకా ఎవరికీ చెప్పకండి. మూడు రోజులు. వాళ్ళు ఊఁ అంటే తర్వాత నేనే అన్నీ సరిచేస్తాను. తాళాలాయనకి నేనేదో ఒకటి చెబుతాను, కడిగేటప్పుడు అంచు విరిగిందనో..."

"ఆయన నిన్ను అనలేదమ్మాయ్. నన్నన్నాడు."

"తెలుసు."

"తెలుసా? నువ్వు విన్నావా? విని చప్పట్లు కొట్టావా?" పూతక్క గొంతు పెరిగింది. ఈ గదిలో ఆవిడ గొంతు పెరగడం అదే మొదటిసారి. "మూడు రోజులు నన్ను దొంగగా ఉండమంటావా, నీ గీత కోసం?"

బుడగలమ్మాయి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పూతక్క గుక్క తిప్పుకుంది. ఇంకో గంటలో ఈ ల్యాబు నడిపే ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళి అంతా చెప్పేయొచ్చు. కాళ్ళు అటు వెళ్ళలేదు. ఈ పిల్ల పదహారు జాలీలకి పదహారుసార్లు ఏడవడం చూసిన మనిషి ఆవిడ. ఆ రోజంతా ఇద్దరూ ఒకే గదిలో ఒకరి వీపు ఒకరికి పెట్టుకుని పనిచేశారు. మధ్యాహ్నం ఇద్దరి క్యారేజీలూ మూత తీయకుండా అలాగే ఉండిపోయాయి.

సంజాయిషీ రాసుకొచ్చిన కాగితం సంచీలో పెట్టుకుని బుధవారం వచ్చింది పూతక్క. పదింటిదాకా చూస్తాను, తర్వాత ప్రొఫెసర్ గారికి ఇచ్చేస్తాను అని దారంతా మనసుకి చెప్పుకుంటూ వచ్చింది.

తలుపు తీసేసరికి గదిలో బుడగల చప్పుడు లేదు. తెరమీద గీత మధ్యలో తెగిపోయి ఉంది. గాజుతొట్టి ఖాళీగా కడిగి బోర్లించి ఉంది. బుడగలమ్మాయి బల్లమీద ఎక్కి కూర్చుని కాళ్ళూపుతోంది. పక్కనే పదిహేడో జాలీ, మూల కత్తిరించి ఉంది.

"పక్క విభాగంలో ఎక్స్‌రే యంత్రం ఉంది కదా, లోహాల లెక్క చెప్పేది. తెల్లారగానే వాళ్ళని పట్టుకున్నానక్కా," అంది. చేతిలో కాగితం చాపింది. అందులో గీత ఒకచోట సూదిలాగా నిక్కింది. "ప్లాటినం. అంచుల్లో బోలెడు. రేకు వైపు కొంచెం తక్కువ. వెనకవైపు దాదాపు లేదు. మీరు చెప్పింది చెప్పినట్టు!"

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ చేస్తోంది.

"నాకెందుకు తట్టలేదక్కా? అందరూ పెట్టేదే నేనూ పెట్టాను. ఎదురుగా ఏముందో ఒక్కరోజు కూడా చూళ్ళేదు. ఇటువైపే చూస్తూ కూర్చున్నాను." బల్ల మీంచి దూకింది. "నిన్న నేనన్న మాట..."

"తర్వాత తిడతాను, తీరిగ్గా," అంది పూతక్క. సంచీలోని కాగితం బయటికి తీయలేదు. "ముందిది చెప్పు, అటువైపు ప్లాటినం తీసేస్తే ఏం పెడతాం?"

"నికెల్! నికెల్ అయితే అటునుంచి ఏం కరిగి వచ్చినా మోసం ఉండదు. మీరు పూయగలరా, ఇవాళే?"

"ఏం మాటలమ్మా అవి!"

ఆ తర్వాత ఆ గదిలో జరిగిన హడావుడి చూసి తీరాలి. ప్రొఫెసర్ గారికి సంగతి చెప్పడానికి బుడగలమ్మాయి పరిగెత్తింది, పూతక్క చేతులకి రబ్బరు తొడుగులేసుకుంది. స్టీలు జాలీ ముక్క ఒకటి కత్తిరించింది. వేడి సబ్బునీళ్ళలో తోమింది, కడిగింది, యాసిడ్‌లో ముంచింది, మళ్ళీ కడిగింది. కడిగి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. లోహం శుభ్రంగా ఉంటే నీళ్ళు విడిపోకుండా దుప్పటిలా పరుచుకోవాలి. ఎక్కడన్నా చుక్కలుగా విడిపోతే అక్కడ జిడ్డు ఉన్నట్టే, అక్కడ పూత ఊడినట్టే. ఒక మూల విడిపోయింది. మళ్ళీ మొదటినుంచి తోమింది. మూడోసారికి నీళ్ళు అంతటా నిలిచాయి. ఆరనివ్వకుండా, తడి తడిగానే, నికెల్ తొట్టిలో దించి కరెంటు పెట్టింది. తడి ఆరితే గాలి తగిలి లోహం మీద పొర కడుతుంది. ఆ సంగతి ఏ కాగితంలోనూ రాయలేదు, ఆవిడ చేతికి తెలుసు.

ప్రొఫెసర్ గారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పాపం, ముఖం వాడిపోయింది.

"మరి శుక్రవారం ఏం చూపిస్తాం?" అన్నారు.

"పద్దెనిమిదో జాలీ చూపిద్దాం సార్," అంది వెనకనుంచి బుడగలమ్మాయి. "పోయిన వారం అక్క పూసిందే, అదే పూత. రెండు రోజుల గీత వస్తుంది."

"రెండు రోజుల గీతా!" ఆయన తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

రెండున్నరకి కరెంటు ఇచ్చారు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి తెర చూశారు. మొదటిరోజు పదిహేడోది ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడే మొదలైంది. సాయంత్రానికి వెంట్రుకవాసి పైకి పోయింది. బుడగలమ్మాయి గోళ్ళు కొరికేసుకుంది. గురువారం పొద్దునకి అక్కడే ఉంది. మధ్యాహ్నానికీ అక్కడే ఉంది. దిగలేదు, ఎక్కలేదు.

"నిలబడిందక్కా," అంది బుడగలమ్మాయి, గట్టిగా అంటే పడిపోతుందేమో అన్నట్టు గుసగుసగా.

అప్పుడు ఆ అమ్మాయి పూతక్క చెయ్యి పట్టుకుని స్టోరుకి లాక్కెళ్ళింది. రిజిస్టరు తెరిపించి, ప్లాటినం రేకు వరసలో, తరుగుకి కారణం అన్న గడిలో తన చేత్తో రాసింది: పరీక్షలో కరిగి పదిహేడో జాలీ మీద చేరింది, ఇందులో ఎవరి తప్పూ లేదు, జాలీ కూడా వాపసు ఇస్తున్నాము. కింద సంతకం పెట్టి, ఎక్స్‌రే కాగితం పిన్ను చేసి, జాలీని కవరులో పెట్టి బల్ల మీద పెట్టింది. తాళాలాయన అంతా రెండుసార్లు చదువుకున్నాడు. జేబులోంచి చీటీ తీసి నాలుగు ముక్కలు చేశాడు.

"నా ఉద్యోగం అలాంటిదమ్మా," అన్నాడు పూతక్కతో.

"నాకూ ఒక ఉద్యోగం ఉందండీ," అంది పూతక్క. "ఇంకోసారి అడిగేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి."

శుక్రవారం నలుగురు వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ నలభై ఏళ్ళు క్షారం తయారుచేసే ఫ్యాక్టరీలు నడిపిన ఇంజనీరట. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ఎవరు చెప్పేదీ సగంలో ఆపేస్తోంది. బుడగలమ్మాయి రెండు గీతలూ పక్కపక్కన పెట్టింది. దిగిన గీత చూసి ఒకాయన భేష్ అన్నాడు.

"అది అబద్ధమండీ," అంది బుడగలమ్మాయి.

ప్రొఫెసర్ గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు.

ఎందుకు అబద్ధమో ఆ అమ్మాయి చెప్పింది. చెప్పేకొద్దీ ఊపొచ్చింది. "పరిశీలనలో తేలింది అని రాయడం తేలికండీ. నిజానికి తేలింది అలా కాదు. ప్లాటినం తగ్గిందని ఈవిడకి దొంగతనం అంటగట్టారు. నేను వింటూ ఊరుకున్నాను. అది ఎక్కడికి పోయిందో ఈవిడే కనిపెట్టారు."

నలుగురూ తలలు తిప్పి గోడవారగా నిలబడ్డ పూతక్కని చూశారు. ఆవిడకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెద్దావిడ మాత్రం రెండో గీత దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పైకెత్తి చూసింది. "ఇది రెండు రోజులదే."

"అవునండీ."

"దిగడం లేదు."

"లేదండీ. ఎక్కడమూ లేదు."

"ఇప్పుడు మాత్రం అటువైపు నుంచి ఏమీ రావడం లేదని ఏమిటి నమ్మకం?"

బుడగలమ్మాయి పూతక్క వైపు చూసింది.

"వస్తే రానివ్వండమ్మా," అంది పూతక్క. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "అటువైపున్నదీ నికెలే, నేను పూసిందే. ఇటొచ్చి కూర్చున్నా చవకదే కూర్చుంటుంది. ఖరీదైనదేదీ ఈ తొట్టిలో లేదు."

పెద్దావిడ ఆవిడ వైపు చూసి, పకపకా నవ్వింది. అంతసేపూ నవ్వని మనిషి, అలా నవ్వేసరికి మిగతా ముగ్గురూ కూడా నవ్వారు. తొట్టి పక్కనే ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది. పూత ఊడకుండా ఎలా నిలిచిందని అడిగింది. పూతక్క చెప్పింది. నీళ్ళు దుప్పటిలా ఎందుకు పరుచుకోవాలో, తడి ఎందుకు ఆరకూడదో, చేతులు తిప్పుతూ చెప్పింది. అరగంట అయింది, ప్రొఫెసర్ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు, పెద్దావిడ లేవలేదు.

"ఈ గది ఎవరికీ ఇవ్వకండి," అంది చివరికి ప్రొఫెసర్ గారితో. "ఈ తొట్టి ఆపకుండా నడవాలి. మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తాం. ఇలాంటివి ఇంకో పది, ఇదే చేత్తో పూసినవి, అప్పటికి నడుస్తూ ఉండాలి." పూతక్క వైపు తిరిగింది. "చేయగలవా అమ్మా?"

బుడగలమ్మాయి పూతక్క మోచెయ్యి పట్టుకుని నొక్కేస్తోంది. పూతక్క పది కాదు, వంద పూయగలదు. ఇప్పుడే, ఈ నిమిషమే మొదలుపెట్టగలదు. అయితే పనిచేసే మనిషికి పని మీద ఉండే ధ్యాస ఎక్కడికి పోతుంది?

"ఇరవై చేస్తానండీ," అంది. "కానీ కడగడానికి ఈ గదిలో కుళాయి దారంలా వస్తోంది. ముందు అది బాగుచేయించండి. అది సరిగ్గా రాకపోతే నేను ఒక్కటి కూడా పూయను."

ప్రొఫెసర్ గారు జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు.